స్కానింగ్ రిపోర్టులో రెండు ముక్కలు తెలుగులో రాయండి: రేడియాలజీ డాక్టర్లకు బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల్లోని రేడియాలజీ డాక్టర్లకు, స్కానింగ్ సెంటర్లు నడుపుతున్న వారికి,

నమస్కారం. నేను ఒక ప్రభుత్వ పెద్దాసుపత్రి యూరాలజీ విభాగంలో స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. మీలో కొందరు హౌస్ సర్జన్లుగా మా వార్డుల్లో తిరిగినవాళ్ళే అయి ఉంటారు. ఆ చనువుతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

అడిగేది ఒక్కటే. యాభై దాటిన మగవాళ్ళకు కడుపు స్కానింగ్ చేసి మీరు ఇచ్చే రిపోర్టులో, ప్రోస్టేట్ గురించి రాసిన చోట, ఈ మాటలు తెలుగులో అచ్చు వేయండి: "ఈ స్కానింగ్ ప్రోస్టేట్ గ్రంథి ఎంత పెరిగిందో చెబుతుంది. క్యాన్సర్ ఉందో లేదో చెప్పదు. పీఎస్ఏ రక్తపరీక్ష, వేలితో చేసే పరీక్ష మీకు అవసరమా అని డాక్టరును అడగండి." పీఎస్ఏ అంటే ప్రోస్టేట్ గ్రంథి రక్తంలోకి వదిలే ఒక ప్రొటీన్, క్యాన్సర్ ఉంటే అది పెరగవచ్చు. వేలితో పరీక్ష అంటే మలద్వారం గుండా గ్రంథిని తడిమి చూడటం.

దీనికి కొత్త మెషిన్ అక్కర్లేదు, కొత్త మనిషి అక్కర్లేదు. మీ కంప్యూటర్లో ఉన్న రిపోర్టు నమూనాలో ఒకసారి టైప్ చేసి పెడితే చాలు.

యూరాలజీ ఓపీకి వచ్చే పెద్దవాళ్ళ చేతిలో ఒక ప్లాస్టిక్ కవర్ ఉంటుంది. పాత మందుల చీటీలు, బీపీ షుగర్ బిళ్ళల ఖాళీ షీట్లు, వాటి మధ్య నాలుగు మడతలు పడ్డ స్కానింగ్ రిపోర్టు. కేసు షీటు రాయడానికి కూర్చోబెట్టగానే చెప్పే మొదటి మాట, "స్కానింగ్ తీయించాం సిస్టర్, అందులో ఏం లేదన్నారు." మడత విప్పి చూస్తే ఇలా ఉంటుంది: ప్రోస్టేట్ ఎన్‌లార్జ్‌డ్, 4.5 × 4.0 × 4.8 సెంటీమీటర్లు, వాల్యూమ్ 45 సీసీ. ఇంప్రెషన్, గ్రేడ్ టూ ప్రోస్టటోమెగలీ. ప్లీజ్ కోరిలేట్ క్లినికల్లీ. అంటే గ్రంథి పెరిగింది, మిగతా లక్షణాలతో కలిపి చూసి డాక్టరు తేల్చుకోవాలి అని.

మీరు రాసిన దాంట్లో తప్పేమీ లేదు. కొలతలు సరైనవే, చివరి మాట కూడా సరైనదే. ఆ కాగితం యూరాలజిస్టు చేతికే వెళ్తే ఇబ్బంది లేదు. కానీ చాలాసార్లు వెళ్ళదు. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తుంది. మందుల షాపుకు వెళ్తుంది. హెల్త్ చెకప్ ప్యాకేజీ డబ్బు కట్టిన అమెరికాలోని అబ్బాయికి వాట్సాప్‌లో వెళ్తుంది. అందరూ కలిసి తేల్చేది ఒకటే: వయసుతో వచ్చే వాపు, టామ్సులోసిన్ బిళ్ళ వేసుకుంటే సరిపోతుంది. బిళ్ళ వేసుకున్నాక యూరిన్ నిజంగానే ఫ్రీగా వస్తుంది. ఇక డాక్టరు దగ్గరికి ఎందుకు వెళ్తారు?

ఇంకో రకం వాళ్ళు కూడా ఉన్నారు. గ్రేడ్ టూ అన్న మాట చూసి, క్యాన్సర్ సెకండ్ స్టేజీ అనుకుని, ఇంట్లో చెప్పకుండా లోపల్లోపల కుమిలిపోయేవాళ్ళు. సైజును బట్టి మీరు వేసే గ్రేడు వేరు, క్యాన్సర్ తేలాక ముక్కను మైక్రోస్కోపు కింద చూసి పెథాలజిస్టు వేసే గ్రేడు వేరు. మనకు తెలుసు. వాళ్ళకెవరు చెప్పారు?

ఈ లేఖ మామూలు పాఠకులు కూడా చదువుతారు కాబట్టి, మీకు తెలిసిందే అయినా కొంచెం విడమరిచి రాస్తాను. ప్రోస్టేట్ అనేది మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉండే గ్రంథి. వయసులో ఉన్నప్పుడు పెద్ద ఉసిరికాయంత ఉంటుంది. వయసు మీదపడ్డాక పెరిగేది మూత్రనాళాన్ని ఆనుకుని ఉన్న లోపలి భాగం. అందుకే యూరిన్ ఆగి ఆగి రావడం, రాత్రిళ్ళు నాలుగైదుసార్లు లేవడం. క్యాన్సర్ సంగతి అలా కాదు. నూటికి డెబ్భై దాకా గ్రంథి వెనక అంచులో, మలాశయం గోడకు తగిలే చోట పుడతాయి. అది మూత్రనాళానికి దూరం. అందువల్ల మొదట్లో యూరిన్‌కు ఏ ఇబ్బందీ ఉండదు, నొప్పి ఉండదు. వాపు ఉన్న గ్రంథిలోనే క్యాన్సరూ ఉండవచ్చు. ఏ వాపూ లేని చిన్న గ్రంథిలోనూ ఉండవచ్చు. కాబట్టి సైజు పెద్దదైనంత మాత్రాన భయపడక్కర్లేదు, చిన్నదని నిశ్చింతగానూ ఉండకూడదు.

కడుపు మీద జెల్ రాసి చేసే స్కానింగ్‌లో ప్రోస్టేట్‌ను నిండిన మూత్రాశయం గుండా, పై నుంచి చూస్తారు. దానికి వాడే ప్రోబ్ మామూలుగా 3.5 నుంచి 5 మెగాహెర్ట్జ్‌ది. ధ్వని తరంగం లోతుకు పోవాలంటే ఫ్రీక్వెన్సీ తక్కువ ఉండాలి. తక్కువైతే బొమ్మలో సూక్ష్మమైన వివరం పోతుంది. గ్రంథి ఎంత ఉంది, మూత్రాశయంలోకి ఎంత పొడుచుకొచ్చింది, యూరిన్ పోశాక లోపల ఎంత మిగిలింది, కిడ్నీలు ఉబ్బాయా, ఇవన్నీ దాంతో చక్కగా తెలుస్తాయి. వెనక అంచులో దాక్కున్న చిన్న గడ్డ మాత్రం తెలియదు. ఆ పనికి ఆ పరీక్ష పుట్టలేదు. పరీక్షను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అది చేయని పనిని చేసిందని జనం నమ్మి ఇంటికి పోతున్నారన్నదే నా బాధ.

మా పెదనాన్నగారి అబ్బాయికి జరిగింది ఇదే. అన్నయ్య మిరప రైతు. అరవై దాటాక యూరిన్ ఇబ్బంది మొదలైతే దగ్గర్లోని టౌన్లో స్కానింగ్ తీయించుకున్నాడు. నేను వేరే జిల్లాలో ఉద్యోగంలో ఉన్నాను. నర్సునైనా చెల్లెలితో మాట్లాడే విషయమా ఇది అనుకుని నాకు ఫోన్ చేయలేదు. గ్రేడ్ టూ అని రాసిచ్చారు, బిళ్ళలు వాడాడు, సర్దుకుంది. ఏడాదిన్నర తిరిగేసరికి నడుం నొప్పి. అరుగుదల అన్నారు. బెల్టు పెట్టారు, కరెంటు పెట్టారు, నొప్పి బిళ్ళలు మింగించారు. మిరప కోతల రోజుల్లో చేలో నిలబడి ఉన్నవాడు ఉన్నట్టుండి కాళ్ళల్లో సత్తువ లేక కూలబడ్డాడు. అప్పుడు ఎమ్మారై తీస్తే వెన్నుపూసల్లో క్యాన్సర్ మచ్చలు కనిపించాయి. పీఎస్ఏ వందల్లో ఉంది. వదిన ఆ పాత స్కానింగ్ రిపోర్టు తెచ్చి నా చేతిలో పెట్టి, "ఇందులో ఏం లేదన్నారు కదమ్మా, మరి ఎప్పుడు వచ్చింది?" అని అడిగింది. అన్నయ్య ఇప్పుడు హార్మోన్ ఇంజెక్షన్ల మీద ఉన్నాడు, చేతికర్ర పట్టుకుని నడుస్తున్నాడు. ఆ సెంటరు పేరు రాయను. అక్కడి డాక్టరుగారు తీసిన కొలతలు సరిగ్గానే ఉన్నాయి. ఇంకో పరీక్ష ఉంటుందని, దాన్ని అడగాలని ఆ ఇంట్లో ఒక్కరికీ తెలియలేదు. తెలియజేసే అవకాశం ఉన్నది ఆ ఒక్క కాగితానికే.

వార్డులో ఇలాంటివాళ్ళను నేను చాలామందిని చూశాను. నడుం నొప్పికి అరుగుదల వైద్యం చేయించుకుంటూ వచ్చినవాళ్ళు, యూరిన్ పూర్తిగా బిగిసిపోయి అర్ధరాత్రి ఆటోలో వచ్చి పైపు వేయించుకున్నాక బయటపడ్డవాళ్ళు. 2022 సంవత్సరానికి ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ వేసిన అంచనా ప్రకారం మన దేశంలో ఏటా కొత్తగా తేలే ప్రోస్టేట్ క్యాన్సర్లు 38 వేల దాకా ఉన్నాయి. 2020లో ప్రపంచమంతటా 14 లక్షలున్న కొత్త కేసులు 2040 నాటికి ఏటా 29 లక్షలవుతాయని లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల సంఘం 2024లో చెప్పింది. మనుషులు ఎక్కువకాలం బతుకుతున్నారు, కాబట్టి ఇది పెరిగేదే. మన దగ్గర అదనంగా ఉన్న బాధ ఏమిటంటే, వచ్చేవాళ్ళలో చాలామంది ఎముకలకు పాకాకే వస్తారు.

ఇంత రాశానని ఈ స్కానింగ్‌లో వాడే అల్ట్రాసౌండ్‌ను నేను తక్కువ చేస్తున్నానని అనుకోవద్దు. ప్రోస్టేట్ క్యాన్సర్‌ను పట్టుకోవడంలో దానికి పెద్ద పాత్రే ఉంది. కాకపోతే అది కడుపు మీద నుంచి చేసేది కాదు, మలద్వారం గుండా చేసేది. మేము ట్రస్ అంటాం. జపాన్‌లో హిరోకి వతనబే అనే డాక్టరు 1960ల చివర్లోనే దీనికి దారి వేశారు. ఆయన తయారుచేసిన పద్ధతిలో పేషెంటు ఒక కుర్చీలో కూర్చుంటే, సీటు మధ్య నుంచి పైకి ఉన్న ప్రోబ్ లోపలికి వెళ్ళి బొమ్మ తీసేది. తర్వాత 1989లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ డాక్టర్లు, ఆ బొమ్మను చూస్తూ గ్రంథిలో ఆరు చోట్ల నుంచి క్రమపద్ధతిలో ముక్కలు తీయడం నేర్పారు. ఆ ఆరే ఇప్పుడు పన్నెండు అయింది.

అలా ముక్కలు తీసే గదిలో నేను చాలా ఏళ్ళు నిలబడ్డాను. పేషెంటు ఎడమ పక్కకు తిరిగి, మోకాళ్ళు పొట్టకు దగ్గరగా ముడుచుకుని పడుకుంటాడు. పొద్దున్నే ఎనిమా ఇచ్చి ఉంటాం, యాంటీబయాటిక్ పడి ఉంటుంది. వేలు లావు ప్రోబ్‌కు కండోమ్ తొడిగి జెల్లీ రాసి మెల్లగా లోపలికి పంపుతారు. స్క్రీన్ మీద గ్రంథి బూడిదరంగులో తేలుతుంది. ముందు వాల్యూమ్ కొలుస్తారు, తర్వాత గ్రంథి పక్కన నరాల దగ్గర మత్తు ఇంజెక్షన్. స్ప్రింగు గన్ నొక్కినప్పుడు టప్ మని శబ్దం వస్తుంది, మనిషి ఉలిక్కిపడతాడు. అందుకే అసలు సూది పెట్టకముందే ఒకసారి గాలిలో గన్ నొక్కి ఆ శబ్దం వినిపించేదాన్ని. నూలుపోగులా సన్నని ముక్క సూది గాడిలో వస్తుంది. దాన్ని ఫార్మలిన్ సీసాలో వేసి, కుడి పైభాగం, కుడి మధ్య, కుడి కింద అని చీటీ అంటించాలి. చీటీ తారుమారైతే అన్నీ తారుమారే. మొత్తం పావుగంట పని. అయిపోయాక రెండు మూడు రోజులు యూరిన్‌లో రక్తపు చారలు రావచ్చని, వీర్యంలో అయితే కొన్ని వారాలు కనిపించవచ్చని, చలిజ్వరం వస్తే మాత్రం ఆ రాత్రే రావాలని చెప్పి పంపేవాళ్ళం.

ఈ పరీక్ష పేరెత్తితే మన ఊళ్ళల్లో వచ్చే మొదటి మాట, "ముక్క తీస్తే పాకుతుంది." ఎంతమంది కొడుకులు నాన్నను చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకుపోయారో చెప్పలేను. ప్రోస్టేట్ బయాప్సీలో, అంటే ఇలా ముక్క తీసి చేసే పరీక్షలో, సూది వెంట క్యాన్సర్ పాకడం అత్యంత అరుదు. అసలు భయపడాల్సింది ఇన్ఫెక్షన్‌కు. మలాశయం గోడ గుండా సూది పోతుంది కాబట్టి, మన దగ్గర చాలా బాక్టీరియా మామూలు యాంటీబయాటిక్‌లకు లొంగడం మానేశాయి కాబట్టి, కొందరికి గట్టి జ్వరం వస్తుంది. అందుకే ఇప్పుడు వృషణాల సంచికీ మలద్వారానికీ మధ్య ఉన్న చర్మం గుండా సూది పెట్టే పద్ధతికి మారుతున్నారు. యూరప్ యూరాలజిస్టుల సంఘం ఆ పద్ధతికే ఓటేసింది. అందులోనూ దారి చూపేది మలద్వారంలో ఉన్న అల్ట్రాసౌండ్ ప్రోబే.

మరి ట్రస్ బొమ్మ చూసి క్యాన్సర్ ఉందని చెప్పేయవచ్చా? లేదు. పుస్తకాల్లో క్యాన్సర్ నల్లటి మచ్చగా కనిపిస్తుందని రాసి ఉంటుంది. కానీ చాలా గడ్డలు చుట్టూ ఉన్న కండలాగే కనిపిస్తాయి, వాపు వచ్చి మానిన చోటు నల్లగా కనిపిస్తుంది. 2017లో బ్రిటన్ నుంచి వచ్చిన ప్రామిస్ అనే అధ్యయనం ఈ సంగతిని నిర్మొహమాటంగా బయటపెట్టింది. 576 మందికి ఎమ్మారై, మామూలు ట్రస్ బయాప్సీ, చివరికి గ్రంథి అంతా జల్లెడపట్టే బయాప్సీ కూడా చేసి పోల్చారు. ప్రమాదకరమైన క్యాన్సర్లలో మామూలు ట్రస్ బయాప్సీకి దొరికినవి 48 శాతం. ఎమ్మారై 93 శాతాన్ని అనుమానించింది. అందుకే ఇప్పుడు వీలున్నచోట ముందు ఎమ్మారై తీసి, అనుమానం ఉన్న చోటును గుర్తించి, ఆ గుర్తును లైవ్‌లో నడుస్తున్న అల్ట్రాసౌండ్ బొమ్మ మీద కలిపి సూది పెడుతున్నారు. ఎమ్మారై చోటు చెబుతుంది, చేతిని అక్కడికి తీసుకెళ్ళేది అల్ట్రాసౌండ్.

ఎమ్మారై మాత్రం అన్ని చోట్లా లేదు, ఉన్నచోట వరస పొడవు, బయట తీయిస్తే వేలల్లో ఖర్చు. కొన్ని రకాల పేస్‌మేకర్లు ఉన్నవాళ్ళకు కుదరదు, ఆ గొట్టంలో పడుకోలేక మధ్యలో లేచి వచ్చేసేవాళ్ళున్నారు. అందుకే మైక్రో అల్ట్రాసౌండ్ వార్త చదివినప్పుడు నాకు చాలా సంతోషం వేసింది. కెనడాలో తయారైన ఈ యంత్రం 29 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. మామూలు ట్రస్ పది లోపో అటూ ఇటో ఉంటుంది. అంత ఎక్కువ ఫ్రీక్వెన్సీ ఎక్కువ లోతుకు పోలేదు, కానీ వెనక అంచు మలాశయానికి ఆనుకునే ఉంది కాబట్టి పోనక్కర్లేదు. గ్రంథిలోని సన్నని నాళాల తీరు చెదిరిందా లేదా అన్నది కూడా కనిపిస్తుందంటున్నారు. ఆప్టిమమ్ అనే ట్రయల్‌లో ఎనిమిది దేశాల్లో 678 మందిని మూడు గుంపులుగా చేసి, ఒక గుంపుకు ఎమ్మారైని బట్టి, ఒక గుంపుకు మైక్రో అల్ట్రాసౌండ్‌ను బట్టి, ఇంకో గుంపుకు రెండూ కలిపి బయాప్సీ చేశారు. ప్రమాదకరమైన క్యాన్సర్లను పట్టుకోవడంలో మైక్రో అల్ట్రాసౌండ్ ఎమ్మారైకి తీసిపోలేదని 2025లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చింది. చూసిన పూటే, ఆ మెషిన్‌తోనే, ముక్క కూడా తీసుకోవచ్చు. దూరం నుంచి బస్సెక్కి వచ్చే పేషెంటుకు ఇదెంత వెసులుబాటో వార్డులో పనిచేసిన ఎవరినడిగినా చెబుతారు. చూసేవాళ్ళకు గట్టి శిక్షణ కావాలన్నది మాత్రం నిజం, బొమ్మ చదవడం రాకపోతే యంత్రం ఏం చేస్తుంది.

ఆశ పెట్టుకోవాలి కానీ అతిగా వద్దు. 2022లో బ్రిటన్ నుంచే వచ్చిన క్యాడ్మస్ అధ్యయనంలో, మామూలు అల్ట్రాసౌండ్‌కు రక్తప్రసరణ, గట్టిదనం చూసే పద్ధతులు, కాంట్రాస్ట్ ఇంజెక్షన్ కలిపి ఎమ్మారైతో పోల్చారు. ఎమ్మారై కన్నా కాస్త వెనకబడింది, పైగా అనవసరమైన బయాప్సీలు కొన్ని పెరిగాయి. అయినా ఎమ్మారై దొరకని చోట అది పనికొస్తుందని ఆ డాక్టర్లే రాశారు. వైద్య కళాశాలలు, పెద్ద ఆసుపత్రులు రేపు కొత్త మెషిన్ కొనేటప్పుడు ఈ ఫలితాలన్నీ ముందు పెట్టుకుని కొనాలని కోరుతున్నాను.

ఇక కడుపు స్కానింగ్‌లో మీరు రాసే ఆ వాల్యూమ్ సంగతికి వస్తాను. అది చాలా విలువైన అంకె. పొడవు, వెడల్పు, మందం గుణించి 0.52తో హెచ్చిస్తే వచ్చేది. పీఎస్ఏను దాంతో భాగిస్తే పీఎస్ఏ డెన్సిటీ వస్తుంది. ఇద్దరికీ పీఎస్ఏ 6 వచ్చిందనుకోండి. ఒకాయన గ్రంథి 80 సీసీ, డెన్సిటీ 0.075. అంత పెద్ద గ్రంథి ఆ మాత్రం పీఎస్ఏను విడుదల చేయడం మామూలే. ఇంకొకాయన గ్రంథి 25 సీసీ, డెన్సిటీ 0.24. డాక్టర్లు సాధారణంగా 0.15 దాటితే అనుమానిస్తారు, కాబట్టి ఈ రెండో ఆయన్ని వదలకూడదు. చిన్న గ్రంథి ఉన్న ఆయన రిపోర్టులో మీరు "ప్రోస్టేట్ నార్మల్" అని రాస్తారు, ఆయన నవ్వుకుంటూ ఇంటికెళ్తాడు! నార్మల్ అని రాసినప్పుడు కూడా వాల్యూమ్ సీసీలలో రాయండి. కింద ఆ తెలుగు మాటలు ఉంటే, రక్తపరీక్ష చేయించినప్పుడు ఆ అంకె డాక్టరుకు పనికొస్తుంది. కడుపు మీద నుంచి కొలిచింది ట్రస్ అంత కచ్చితంగా ఉండదన్న సంగతి డాక్టర్లు లెక్కలో పెట్టుకుంటారు.

మందుల షాపుల వాళ్ళకూ ఇక్కడే ఒక మాట. డ్యుటాస్టరైడ్ కానీ ఫినాస్టరైడ్ కానీ ఉన్న, గ్రంథిని కుదించే బిళ్ళలు ఆరు నెలలు, ఏడాది వాడితే పీఎస్ఏ దాదాపు సగానికి పడిపోతుంది. రక్తపరీక్షలో 3 వచ్చిందని మురిసిపోతే అది నిజానికి 6 కావచ్చు. చీటీ లేకుండా ఏళ్ళ తరబడి ఆ బిళ్ళలు ఇవ్వకండి.

మీలో కొందరు ఏమంటారో ఊహించగలను. జనాన్ని భయపెట్టినట్టవుతుంది, పీఎస్ఏ పెరిగిన ప్రతివాడికీ క్యాన్సర్ కాదు, ఇన్ఫెక్షన్ వచ్చినా పైపు వేసినా పెరుగుతుంది, తేలిన క్యాన్సర్లలో కూడా చాలావరకు నెమ్మదిగా నడిచేవే, వాటికి అనవసరంగా ఆపరేషన్లు చేసి మనుషుల్ని యూరిన్ ఆగని స్థితికి తెస్తారు, అని. ఇవన్నీ నిజాలే. బ్రిటన్‌లో ప్రొటెక్ట్ అనే ట్రయల్‌లో, గ్రంథి దాటని క్యాన్సర్ ఉన్న 1,643 మందిలో కొందరికి ఆపరేషన్, కొందరికి రేడియేషన్ చేశారు, కొందరిని కేవలం కనిపెట్టుకుని ఉన్నారు. పదిహేనేళ్ళ తర్వాత చూస్తే ఏ గుంపులోనైనా ఆ క్యాన్సర్‌తో చనిపోయినవాళ్ళు నూటికి ఇద్దరు ముగ్గురే. అందుకే నేను ఊరంతటికీ పీఎస్ఏ చేయమని అడగడం లేదు. ఎనభై ఏళ్ళ తాతగారికి ఏ బాధా లేనప్పుడు ఆ పరీక్ష చేసి ఇంటిల్లిపాదికీ టెన్షన్ పెట్టడం తప్పని నేనూ అంటాను. ఆ వాక్యంలో చేయించుకోండి అని రాయలేదు, అవసరమా అని అడగండి అని రాశాను. యాభై దాటినవాళ్ళు, తండ్రికో అన్నదమ్ములకో ఈ జబ్బు వచ్చి ఉంటే నలభై అయిదు దాటినవాళ్ళు, అన్నీ తెలుసుకుని తేల్చుకోవాల్సిన పరీక్ష ఇది. తెలిసి వద్దనుకోవడం ఒకటి, ఉందనే తెలియకపోవడం ఒకటి.

భయపెడుతుందన్న మాటకు నా జవాబు ఇది. ఏం లేదన్న నమ్మకంతో ఇంటికెళ్ళిన మనిషి, కాళ్ళు పడిపోయాక వచ్చి మా ముఖాల్లోకి చూసే చూపు మీ సెంటర్ల దాకా రాదు. వార్డుకే వస్తుంది. అది చూసినవాళ్ళెవరూ రెండు ముక్కలు ఎక్కువ రాస్తే ఏమవుతుందోనని ఆలోచించరు.

తెలుగులో రాయడం కుదరదని కూడా అనకండి. మీ సెంటర్లో అడుగుపెట్టగానే గోడ మీద పెద్ద అక్షరాలతో తెలుగు బోర్డు ఉంటుంది, ఇక్కడ లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు అని. 1994 చట్టం కింద పెట్టారు, పెట్టి తీరాలి. ఆ బోర్డు చూసి అడగడం మానేసిన కుటుంబాలు ఉన్నాయి. గోడ మీద తెలుగు పెట్టగలిగిన చోట కాగితం మీదా పెట్టవచ్చు. ఈ చట్టం వల్ల మగవాళ్ళకు మాత్రమే వాడే ట్రస్ మెషిన్‌కు కూడా రిజిస్ట్రేషన్ కావాలి, దాంతో చిన్న ఊళ్ళలో యూరాలజిస్టులు మెషిన్ పెట్టడానికి వెనకాడుతున్నారు. ఆడపిల్లల ప్రాణాలు కాపాడే చట్టం, దాన్ని సడలించమని నేను అడగను. ఆ అనుమతుల కాగితాలు త్వరగా కదిలేలా చూడమని జిల్లా వైద్యాధికారులను వేడుకుంటున్నాను.

రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలకు కూడా క్లుప్తంగా. ఇంటింటికీ తిరిగే స్క్రీనింగ్‌లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లు మాత్రమే ఉన్నాయి. అందులో ప్రోస్టేట్‌ను చేర్చమని అడగడం లేదు, పైన చెప్పిన కారణాల వల్లే. కానీ యాభై దాటిన మగమనిషి యూరిన్ ఇబ్బంది అని చెబితే, ఏఎన్ఎం లేదా ఆశా కార్యకర్త డాక్టరు దగ్గరికి పంపేలా ఒక ప్రశ్న చేర్చండి. పీఎస్ఏ కొన్ని వందల రూపాయల పరీక్ష, జిల్లా ఆసుపత్రికి వచ్చినవాళ్ళకు డాక్టరు రాస్తే ఆ పూటే ఉచితంగా జరిగిపోవాలి. జిల్లాకు ఒక చోటైనా ట్రస్ బయాప్సీ, వారానికి ఒక రోజైనా జరగాలి. క్యాన్సర్ తేలాక వైద్యానికి ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్యసేవ ఉన్నాయి, హైదరాబాద్‌లో నిమ్స్, ఎంఎన్‌జే ఆసుపత్రులు, విశాఖలో హోమీ భాభా ఆసుపత్రి ఉన్నాయి. మనిషి అక్కడిదాకా టైముకు చేరాలి కదా.

మళ్ళీ మీ దగ్గరికే వస్తాను. పైన నేను రాసిన వాక్యాలు మార్చాలనిపిస్తే మార్చండి. మీ సంఘాల రాష్ట్ర శాఖలు యూరాలజిస్టులతో ఒక పూట కూర్చుని, అందరికీ ఒప్పుదలైన మాటలు ఖాయం చేస్తే ఇంకా మంచిది, అన్ని సెంటర్లలో ఒకే మాట ఉంటుంది. మీ రిపోర్టులు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో తెలుగు ఫాంట్ ఇబ్బంది పెడితే, ముందుగానే అచ్చు వేయించిన లెటర్‌హెడ్ మీద పెట్టించండి, లేదా రబ్బరు స్టాంపు చేయించి కొట్టండి. కాకపోతే అది ఇంప్రెషన్ అన్న చోటే, పక్కనున్న అక్షరాలంత పెద్దగా ఉండాలి. మీ సంతకం కింద సన్నని అక్షరాలతో వేస్తే కళ్ళజోడు మరిచి వచ్చిన పెద్దాయన దాన్ని చదవలేడు. కౌంటర్లో కవరు అందించే అమ్మాయికి కూడా చెప్పి పెట్టండి: "తాతగారూ, ఇది సైజు రిపోర్టు మాత్రమేనండీ, డాక్టరు గారికి తప్పకుండా చూపించండి" అని.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు